తొంభై తొమ్మిది

శుక్రవారంలోగా బీరువా ఖాళీ చెయ్యమన్నారు.
ముప్పై నాలుగేళ్ల కాగితాలు,
రెండు విరిగిన స్టేప్లర్లు, ఒక గొడుగు.
గొడుగు ఎవరిదో తెలీదు. వాన మాత్రం గ్లాస్గోదే.

అడుగు అరలో మొదటి సర్వే ఫారాలు.
నెంబరు నాలుగు వందల పదిహేడు.
ఐనా డోకర్టీ, నలభై ఒకటి, ఆఫీసులు తుడిచే పని,
కాల్టన్, మూడో అంతస్తు, ఎడమ తలుపు.

ఏడో ప్రశ్న:
నిద్ర లేచాక ఎన్ని నిమిషాలకు మొదటి సిగరెట్ వెలిగిస్తారు?

నాకప్పుడు ఇరవై ఆరు. కొత్త బూట్లు.
అచ్చయిన ప్రశ్న తప్పు కాదన్న నమ్మకం.

ఆమె నవ్వింది. దగ్గింది. మళ్లీ నవ్వింది.
"ఏ నిద్ర, అమ్మాయ్?
రాత్రి పదికి బ్యాంకు మెట్లు, రెండుకి వకీళ్ల గదులు,
తెల్లారితే పిల్లల బడి,
పగలంతా మా ఆయన ఆక్సిజన్ సిలిండరు.
దాని పక్కన వెలిగించకూడదని ఇలా మెట్ల మీదికొస్తా.
కుర్చీలో కళ్లు మూతపడితే నిద్రంటావా?
అయితే తెరిచినప్పుడల్లా లేచినట్టే.
లెక్క నువ్వే వేసుకో."

నేను వేసుకోలేదు.
గడిలో పట్టని మాటను మార్జిన్లో పెన్సిల్‌తో రాసి
గడిలో తొంభై తొమ్మిది వేశాను.
మా భాషలో తొంభై తొమ్మిదంటే
సమాధానం లేదు.

నేనూ ఆ వాడ పిల్లనే.
ఐస్‌క్రీం బండి గంట మోగితే
నాన్న నా అరచేతిలో చిల్లర పెట్టేవాడు.
నాకో కోను, ఆయనకో విడి సిగరెట్,
బండివాడు ఊరికే ఇచ్చే ఒక అగ్గిపుల్ల.
క్రీము కారి సిగరెట్ తడిస్తే తిట్లు.
వెనీలా ఇప్పటికీ నాకు పొగాకు వాసనే.
ఇది ఏ వ్యాసంలోనూ రాయలేదు,
రాసే చోటు ఎక్కడుంది?

తరవాత కమిటీలు, జెనీవా, చల్లారిన కాఫీలు.
"నిప్పు లేనిదే పొగ రాదు కదా, డాక్టర్ గిల్‌హూలీ,
వెలిగించేది వాళ్ల చెయ్యే కదా?"
అన్నాడొక పెద్దమనిషి, టై సర్దుకుంటూ.
నేను మ్యాపు పరిచాను:
బడికి నడిచే దూరంలో సిగరెట్ దుకాణాలు,
పడమటి వాడలో రెండు, తూర్పున పంతొమ్మిది.
ఆయన చాలాసేపు చూశాడు.
రంగులు బాగా కుదిరాయన్నాడు.

పన్నెండో ఏడు మరణాల రిజిస్టరుతో మా ఫైలు కలిపాం.
రివాజు ప్రకారం తొంభై తొమ్మిదుల్ని తీసి పక్కన పెట్టాం.
గీత ముచ్చటగా వచ్చింది, మెచ్చుకున్నారు.
ఒక రాత్రి, ఎందుకో,
పక్కన పెట్టినవాళ్లనే పిలిచాను.
నూట అరవై మూడు మంది.
రాత్రి కాపలా, బేకరీ, ఆసుపత్రి చాకిరేవు,
రెండు ఉద్యోగాల మధ్య బస్సులో కునుకు.

మనిషి పోతే నూరేళ్లు నిండాయంటాం.
వీళ్లకు నూరేళ్లు యాభై మూడుకి నిండాయి,
యాభైకి, నలభై తొమ్మిదికి.
మా ప్రశ్నలో పట్టనివాళ్లే
అందరికంటే ముందు వెళ్లిపోయారు.
ఐనాకి నలభై ఎనిమిది.
మరణ కారణం గడిని మాత్రం
ఎవరూ ఖాళీగా వదల్లేదు.

ఏడో ప్రశ్న మార్చడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది.
"ఇది పొగాకు సర్వేనా, కూలి సర్వేనా?" అన్నారు.
రెండూ ఒకటేనని చెప్పడానికి
మిగతా ఉద్యోగమంతా సరిపోయింది.
సరిపోలేదు కూడా.

ఇవాళ నిబంధన ప్రకారం అన్నీ ముక్కలు చేసే యంత్రంలో వేశాను.
నాలుగు వందల పదిహేడు దగ్గర చెయ్యి ఆగింది.
మార్జిన్ మాత్రం చించుకున్నాను,
పేరు లేదు, నెంబరు లేదు, తప్పు లేదు.
నా చేతిరాతలో ఆమె గొంతు:
లెక్క నువ్వే వేసుకో.

పది దాటింది. బకెట్ చప్పుడు.
గదులు తుడిచే అమ్మాయి తలుపు దగ్గర నిలబడి
లైటు ఆర్పనా అంది.
కోటు జేబులోంచి పుదీనా పొగ వాసన.
వేళ్లు అలవాటుగా పెన్ను వెతికాయి.

నిద్రపోయావా, అని అడిగాను.